కంబన్న డైరీలు చదివిన గుమాస్తా

మీరా హుస్సేన్ అడవి శాఖలో ఎనిమిదేళ్ళు గుమాస్తాగా పనిచేసి కూడా ఒక్కసారీ అడవిలో అడుగు పెట్టలేదు. నల్లమల అంచున కొండమెట్ల అనే చిన్న ఊళ్ళో ఆయన పనిచేసే రేంజి ఆఫీసు. కిటికీ తెరిస్తే ఎదురుగా కొండలే. అందుకని ఆయన కుర్చీని కిటికీకి వీపు పెట్టి వేసుకునేవాడు.

ఆ భయానికి కారణం ఉంది. ఆయన తండ్రి దూదేకే పని చేసేవాడు. విల్లు భుజాన వేసుకుని కొండ దాటి అవతలి ఊళ్ళకు పోయి, పరుపులకూ బొంతలకూ దూది ఏకి, పది పదిహేను రోజులకు తిరిగి వచ్చేవాడు. మీరా హుస్సేన్‌కు తొమ్మిదేళ్ళప్పుడు అట్లా పోయినవాడు మళ్ళీ రాలేదు. నెల తరువాత కట్టెలకు పోయినవాళ్ళు కనుమలో దొరికిందని విల్లు ఒక్కటి తెచ్చి వాకిట్లో పెట్టారు. నారి తెగలేదు. కర్ర మీద గీత కూడా పడలేదు. పులి అన్నారు కొందరు, దొంగలన్నారు కొందరు, దారి తప్పి దప్పికతో పోయుంటాడన్నారు ఇంకొందరు. ఈ మూడింట్లో ఏదో తేలి ఉంటే ఆ పిల్లవాడు ఏడ్చి ఊరుకునేవాడేమో. తేలలేదు. చెట్లు చిక్కగా ఉన్న చోటు కనబడితే చాలు, పెద్దవాడయ్యాక కూడా ఆయనకు అరచేతులు తడిసేవి.

అటువంటి మనిషికి దస్తూరి బాగుందని అడవి శాఖలోనే ఉద్యోగం దొరికింది. వద్దనడానికి ఇంట్లో జరుగుబాటు లేదు.

అడవిలో చౌకీల్లో ఉండే గార్డులు రోజూ డైరీ రాయాలి. ఎటు తిరిగాడు, ఏం చూశాడు, ఎవరైనా చెట్టు నరికారా, నిప్పు లేచిందా, ఇంతే. నెలాఖరుకు ఆ పుస్తకం ఆఫీసుకు వస్తుంది. తేదీలు వరుసగా ఉన్నాయో లేదో చూసి, ముద్ర వేసి, బీరువాలో పెట్టడం గుమాస్తా పని. లోపలి రాత ఎవరూ చదవరు. మీరా హుస్సేన్ మాత్రం చదివేవాడు. కుర్చీలో కూర్చుని అడవిని చదవడం ఆయనకు ఒక రకం ధైర్యంగా ఉండేది. గోడ ఇవతల నిలబడి పామును చూసినట్టు.

1954 వానల్లో కంబన్న అనే కొత్త గార్డు వచ్చాడు. ముప్పైయేళ్ళవాడు. ఆలూరు దిక్కు నల్లరేగడి నేలవాడు, అడవి ఎరుగడు. అతణ్ణి అందరికంటే దూరపు చౌకీకి వేశారు. పదకొండు మైళ్ళ లోపల, బూరుగుమడుగు దగ్గర రాతిగోడల ఇల్లు, పైన రేకులు. చుట్టూ మూడు మైళ్ళలో ఇంకో పొయ్యి లేదు. భార్య భీమమ్మ ఆలూరు దగ్గరే పుట్టింట్లో ఉండిపోయింది.

కంబన్న రాత మిగిలినవాళ్ళ రాత వంటిది కాదు. అందరూ ‘తూర్పు హద్దు తిరిగితిని, విశేషములు లేవు’ అని వదిలేస్తారు. కంబన్న అట్లా వదిలేయడు. ‘ఉదయము తూర్పు హద్దు తిరిగితిని. వాన వెలిసినది. బోదగడ్డిలో కుందేలు పిల్లలు నాలుగు చూచితిని. కన్నులు ఇంకను తెరవలేదు. నేను దగ్గరకు పోగా వాని చెవులు వణికినవి. వెనుకకు వచ్చితిని.’ ఇట్లా ఉండేది. ఎలుగుబంటి ఇప్పపూలు తినడానికి ఎట్లా వంగుతుందో, పులి కదిలితే కొండముచ్చు ఎట్లా దగ్గుతుందో, ఎండల్లో చెలమ తవ్వితే ఎంత లోతున నీళ్ళు ఊరుతాయో అన్నీ రాసేవాడు. అంత ఒంటరితనంలో ఉన్నవాడు ఒక్క మాట కూడా తన బాధగా రాయలేదు. ఒక్కచోట మాత్రం ‘నేటికి పదునెనిమిది దినములు ఎవరితోను మాటలాడలేదు. గొంతు ఉన్నదా అని పాడి చూచితిని. ఉన్నది’ అని ఉంది.

ఆ పుస్తకాలంటే మీరా హుస్సేన్‌కు ఎంత ఇష్టం కుదిరిందంటే, నిబంధనకు విరుద్ధమని తెలిసీ చొక్కాలో దాచి ఇంటికి తెచ్చేవాడు. ఆయన భార్య నన్నీ బీకి చదువు రాదు. సాయంత్రం అరుగు మీద ఆమె బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే ఆయన చదివి వినిపించేవాడు. ఆమె మధ్యలో ఆపి ప్రశ్నలడిగేది. “ఆ కుందేలు పిల్లలు ఏమాయె? మళ్ళా రాయలేదా?” అని నాలుగు నెలలు అడిగింది.

1956 ఫిబ్రవరి పుస్తకం మార్చిలో వచ్చింది. అదివరకు కంబన్న తానే నెలకొకసారి సంతకు వచ్చి డైరీ ఇచ్చిపోయేవాడు. ఆ నెల రాలేదు. అయ్యన్న అనే చెంచాయన తేనె అమ్ముకోవడానికి వస్తూ తెచ్చిచ్చాడు. గార్డుకు ఒంట్లో బాగలేదేమో అనుకున్నాడు మీరా హుస్సేన్.

ఆ సాయంత్రం అరుగు మీద పన్నెండు రోజుల రాత చదివేసరికి నన్నీ బీ చేట కింద పెట్టింది.

“ఆగయ్యా. మళ్ళీ చదువు అది.”

“ఏది?”

“ఇప్పుడు చదివినావే, పడమర గట్టు.”

ఆయన చదివాడు. “పడమటి గట్టు తిరిగితిమి. నీరు తాగితిమి. మధ్యాహ్నము చెట్టు క్రింద కూర్చుంటిమి.”

“తిరిగితిని అని కదా ఆయప్ప రాసేది? ఇప్పుడు తిరిగితిమి అంటాండాడే. ఇంకొకరు ఎవరు వచ్చినారు ఆడికి?”

మీరా హుస్సేన్ వెనక పేజీలు తిరగేశాడు. ఫిబ్రవరి పదకొండు దాకా ‘తిరిగితిని’. పన్నెండు నుంచి ‘తిరిగితిమి’. అన్ని చోట్లా. ఎక్కడా పొరపాటున కూడా మళ్ళీ ‘ని’ రాలేదు. ఎవరు వచ్చారో, ఎప్పుడు వచ్చారో ఒక్క ముక్క లేదు.

“ఎవరన్నా చుట్టాలు వచ్చింటార్లే” అన్నాడు.

“పదకొండు మైళ్ళు అడవిలోకి చుట్టాలా?” అంది ఆమె. మళ్ళీ చేట పట్టుకోలేదు.

మరునాడు రేంజరుగారికి చూపించాడు. కర్నూలు రాజధాని అయినప్పటినుంచి రేంజరుగారు నెలలో సగం రోజులు అక్కడే ఉండేవాడు. ఉన్న సగంలో ఇటువంటివి వినడానికి ఓపిక ఉండేది కాదు.

“మేము అని రాశాడా? రాజావారు మరి! బూరుగుమడుగు సంస్థానం కదా!” అని నవ్వి, “డైరీలు చదువుతున్నారా మీరు? పనేం లేదా ఆఫీసులో?” అన్నాడు.

మార్చి పుస్తకం ఏప్రిల్ మొదట్లో వచ్చింది. దాన్ని మీరా హుస్సేన్ ఇంటికి తేలేదు. నన్నీ బీకి వినిపించడానికి ధైర్యం చాలలేదు. అక్షరాలు చిన్నవైపోయాయి, గీత మీద గీత ఎక్కాయి. ‘మడుగునకు పోవద్దని వారనిరి. పోలేదు.’ ‘తలుపు తీయవద్దనిరి. తీయలేదు.’ ‘అడుగుల చప్పుడు. మనుష్యులు కారని వారనిరి.’ ముప్పైన ఒకే మాట ఉంది. ‘గొడ్డలి నూరితిమి.’

పుస్తకం తెచ్చిన అయ్యన్న వసారాలో చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. మీరా హుస్సేన్ పోయి అతని పక్కన చతికిలబడ్డాడు.

“కంబన్నను చూసినావా అయ్యన్నా?”

“చూడలే సామీ. నేను కొనిపోయిన జొన్నలు గడప కాడ పెట్టి పిలిస్తి. తలుపు కొంచెం తెరిసి, ఈ పుస్తకం బయటికి తోసె. చెయ్యి మాత్రం కనబడె. శానా సన్నగా ఉండాది చెయ్యి.”

“లోపల ఇంకెవరన్నా ఉండారా?”

అయ్యన్న చుట్ట నోట్లోంచి తీశాడు. “ఇద్దరు మాట్లాడుకుంటాండారు సామీ. ఒకటి కంబన్న గొంతే. ఇంకోటి నాకు ఎరుక లేదు. మా పెద్దలు ఆ మడుగు కాడ గుడిసెలు వేసుకోరు. నేను నిలబడలే.”

అదే వారంలో ఆఫీసుకు ఒక కార్డు వచ్చింది. భీమమ్మ ఎవరిచేతో రాయించింది. ‘ఆఫీసు అయ్యవారికి దండాలు. మా ఇంటాయన నుంచి రెండు నెలలుగా జాబు లేదు. ప్రాణంతో ఉండాడా లేడా ఒక్క మాట రాయించవలెను. ఇదో వస్తాడు అదో వస్తాడు అని చూస్తా ఉండాము.’

మీరా హుస్సేన్ జవాబు రాయడానికి కలం తీశాడు. తన తల్లి కూడా ఇట్లాగే ఎవరెవరికో కార్డులు రాయించింది. కొండ అవతలి ఊళ్ళ కరణాలకు, సంత దళారులకు. వాళ్ళలో ఒక్కరైనా లేచి నాలుగు మైళ్ళు నడిచి చూసి వస్తే ఆమెకు ఏదో ఒకటి తెలిసేది. కలం పక్కన పెట్టేశాడు. రేంజరుగారు కర్నూల్లో ఉన్నాడు. మిగిలిన గార్డులు నిప్పు లేచిందని అవతలి కొండకు పోయారు. సంతకని ఊళ్ళోనే ఉండిపోయిన అయ్యన్న తెల్లవారి తిరిగి పోతాడు.

“నేనూ వస్తా” అన్నాడు అయ్యన్నతో. అన్నది తన గొంతేనా అని ఆయనకే అనుమానం వేసింది.

నన్నీ బీ వద్దనలేదు. జొన్నరొట్టెలు మూటగట్టి ఇస్తూ, “అయ్యన్నను ఇడిసిపెట్టి అడుగు కూడా పక్కకు పోవద్దు” అని మాత్రం అంది.

వేకువనే బయలుదేరారు. మొదటి మైలు దాకా ఊరి కుక్కల మొరుగు వినబడింది. తరువాత అది ఆగిపోయింది. ఎండలు ముదిరే రోజులు. ఆకంతా రాలి ఎండి ఉంది. ఎక్కడో ఒక తొండ పరిగెత్తినా మనిషి నడిచినంత చప్పుడు. అయ్యన్న చెప్పుల్లేని కాళ్ళతో నీడలాగా పోతున్నాడు. మీరా హుస్సేన్ అడుగు వేస్తే అడవంతా వింటున్నట్టు ఉంది.

డైరీలు చదవడం అక్కడ ఆయనకు మేలు చేయలేదు, కీడే చేసింది. దారిలో ప్రతి మలుపూ తెలుసు. ఈ నల్లమద్ది కిందే కదా కిందటి సంవత్సరం ఎలుగుబంటి పిల్లలతో ఎదురైంది. ఈ బండ మీదే కదా చిరుత పడుకుని ఉండగా కంబన్న గంటసేపు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఏమీ ఎరుగనివాడు ఒకే భయంతో నడుస్తాడు. ఆయన మాత్రం ఇరవై నెలల భయాలన్నీ మోస్తూ నడిచాడు. ఒకచోట కొండముచ్చు ఖళ్ళుమని దగ్గింది. అర్థం తెలిసి ఆయన కాళ్ళు నిలబడిపోయాయి.

“ఉండాది” అన్నాడు అయ్యన్న నెమ్మదిగా. “దాని దారిన అది పోతాండాది. మాట్లాడకుండా నిలబడు సామీ.”

ఎంతసేపు నిలబడ్డారో తెలియదు. చెమట కళ్ళలోకి దిగుతున్నా తుడుచుకోలేదు. మళ్ళీ నడక మొదలయ్యాక ఇసుకలో అడుగులు కనబడ్డాయి. ఒక్కొక్కటి తన అరచెయ్యి కంటే వెడల్పు. అంచుల్లో ఇసుక ఇంకా జారుతోంది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బూరుగుమడుగు చేరారు. మడుగులో నీళ్ళు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. పైన రాతి ఇల్లు. తలుపు మూసి ఉంది. గడప బయట అరుగు మీద కడిగి బోర్లించిన పళ్ళేలు రెండు, చెంబులు రెండు. అయ్యన్న పోయినసారి తెచ్చిన జొన్నల సంచి మూతి విప్పకుండా అట్లాగే ఉంది.

అయ్యన్న ఇరవై గజాల అవతలే ఆగిపోయాడు. “నేను రాను సామీ.”

మీరా హుస్సేన్ ఒక్కడే గడప దాకా పోయాడు. “కంబన్నా!”

లోపల ఏదో కదిలింది. “ఎవరు?” అని బొంగురు గొంతు. వెంటనే దాని వెనకే ఇంకో గొంతు, మెల్లగా, కటువుగా, “మాట్లాడొద్దు.”

మీరా హుస్సేన్ గోడకు చేతులు ఆనించి కింద కూర్చుండిపోయాడు. వెనక్కి పరిగెత్తాలని ఉంది, లేవలేడు. ఇంకోసారి పిలవాలని ఉంది, నోట మాట రాదు. రేకుల కప్పు ఎండకు టపటపమంటోంది. లోపల ఇనుము రాతికి రాసుకున్న చప్పుడు. గొడ్డలి ఎత్తుకున్నాడని తెలిసిపోయింది.

అప్పుడు ఆయన నోటికి వచ్చింది ఒక్కటే. అరుగు మీద నన్నీ బీకి ఎన్నో సార్లు చదివి చదివి కంఠతా వచ్చింది. పిలిచినట్టు కాదు, చదివినట్టే మొదలుపెట్టాడు.

“ఉదయము తూర్పు హద్దు తిరిగితిని. వాన వెలిసినది. బోదగడ్డిలో కుందేలు పిల్లలు మూడు చూచితిని. కన్నులు ఇంకను తెరవలేదు...”

లోపల చప్పుడు ఆగింది.

“...నేను దగ్గరకు పోగా వాని చెవులు వణికినవి. వెనుకకు వచ్చితిని.”

తరువాత తలుపు దగ్గరగా, బొంగురు గొంతు. “మూడు గాదు. నాలుగు.”

“అవును. నాలుగే” అన్నాడు మీరా హుస్సేన్. “తప్పు చదివినా.”

గడియ తీసిన చప్పుడు. తలుపు సగం తెరుచుకుంది. కంబన్న గొడ్డలి భుజాన పెట్టుకుని నిలబడ్డాడు. గడ్డం, మట్టి, లోపలికి పోయిన కళ్ళు. ఒళ్ళు ఉండుండి వణుకుతోంది. చలిజ్వరం అని చూడగానే తెలుస్తుంది. కానీ ఆ కళ్ళు చూసేది జ్వరపు చూపు మాత్రమే కాదు.

“నువ్వెవరప్పా?”

“ఆఫీసు గుమాస్తాను. నీ పుస్తకాలు చదివేవాణ్ణి.”

“చదువుతారా వాటిని?” కంబన్న కనుబొమలు ముడిపడ్డాయి. “ఎవరూ చదవరని చెప్పినారే.”

“ఎవరు చెప్పినారు?”

కంబన్న ఇంట్లోకి తల తిప్పి చూశాడు. లోపల చీకటి. బయటి ఎండకు అలవాటుపడ్డ మీరా హుస్సేన్ కళ్ళకు అక్కడ గోడా కనబడలేదు, మనిషీ కనబడలేదు.

“నీ భార్య కార్డు రాసింది కంబన్నా. ప్రాణంతో ఉండావా అని అడుగుతాంది. నాతో వస్తే చూపిస్తా. ఊళ్ళోకి పోదాం.”

కంబన్న మళ్ళీ లోపలికి చూసి, “పోదామా?” అని అడిగాడు. చెవి పెట్టి విన్నాడు. ఆ వినడం చూడలేక మీరా హుస్సేన్ కళ్ళు దించుకున్నాడు.

“ఆయన రాడంట. నన్నూ పోవద్దంటాండాడు.”

మీరా హుస్సేన్‌కు ఆ మాట ఎట్లా తోచిందో తరువాత ఎంత ఆలోచించినా ఆయనకే తెలియలేదు. ఆఫీసు గొంతు తెచ్చుకుని, “సరే. చౌకీ వదిలి ఇద్దరూ రాకూడదు. ఆయన్ను ఈడ కాపలా ఉండనీ. నువ్వు రా” అన్నాడు.

కంబన్న దాన్ని చాలాసేపు తలలో తిప్పుకున్నాడు. చివరికి గొడ్డలిని జాగ్రత్తగా లోపల గోడకు ఆనించాడు. మొలతాడుకున్న బీగంచెవి విప్పి, గడప లోపల నేలమీద పెట్టాడు. “తలుపు లోపలేసుకో” అని ఎవరికో చెప్పి, బయటికి వచ్చి, తలుపు దగ్గరగా లాగాడు.

తిరుగు దారిలో ముందు అయ్యన్న, మధ్యన కంబన్న, వెనక మీరా హుస్సేన్. వెనక నడవడం ఎంత కష్టమో ఆయనకు ఆ రోజే తెలిసింది. కంబన్న పది అడుగులకొకసారి ఆగి వెనక్కి తిరిగేవాడు. మీరా హుస్సేన్ ముఖాన్ని చూసేవాడు కాదు. ఆయన భుజం మీదుగా, ఆయన వెనక ఉన్న దేన్నో చూసి, తల ఊపి, మళ్ళీ నడిచేవాడు. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు లెక్క పెట్టకూడదని మీరా హుస్సేన్ తనకు తాను చెప్పుకున్నాడు. తల తిప్పలేదు. మెడ పట్టేసింది, అయినా తిప్పలేదు.

పొద్దు గూకకముందే అయ్యన్నవాళ్ళ గూడెం చేరారు. పిల్లలు, కుక్కలు, పొగ, జొన్నసంగటి వాసన. ఆ గోల వినేసరికి కంబన్న ఒక గుడిసె నిట్రాడు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మరునాడు ఎద్దులబండి మీద కొండమెట్లకు తెచ్చారు.

చలిజ్వరం రెండు నెలలుగా లోపల్లోపలే తింటూ ఉందని, పలకరించే మనిషి లేక బుద్ధి దారి తప్పిందని డాక్టరు చెప్పాడు. మూడు వారాలకు జ్వరం దిగింది. అతని నోట రెండో గొంతు రావడం ముందు తగ్గి, తరువాత ఆగిపోయింది. భీమమ్మ వచ్చి పక్కనే ఉండి జావ తాగించింది. ఊరికి తీసుకుపోయే రోజున ఆమె ఆఫీసు వసారాలోకి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

“అయ్యా, అన్ని పుస్తకాలు రాసినాడంట కదా. వాటిల్లో నా పేరు యాడన్నా ఉండాదా?”

ఇరవై పుస్తకాల్లో ఎక్కడా లేదు. అది మీరా హుస్సేన్ కంటే బాగా ఎవరికీ తెలియదు. బీరువా తెరిచి ఏదో ఒక పుస్తకం తీసి, ఏదో ఒక పేజీ విప్పి, గొంతు సవరించుకుని చదివాడు. “సాయంకాలము వాన. ఒంటరిగా కూర్చుంటిని. భీమమ్మ జ్ఞాపకము వచ్చినది.” గుమ్మం దగ్గర నిలబడ్డ కంబన్న తల ఎత్తి ఆయన వైపు చూసి, మళ్ళీ దించుకున్నాడు.

కంబన్న మళ్ళీ అడవి ఉద్యోగానికి రాలేదు. ఆలూరు దగ్గర జొన్న, పత్తి వేసుకుని బతికాడు. చేనికి కూడా ఒంటరిగా పోడని భీమమ్మ రాయించిన కార్డుల్లో ఉండేది. బూరుగుమడుగు చౌకీకి పోవడానికి మరి ఏ గార్డూ ఒప్పుకోలేదు. నాలుగేళ్ళకు గాలివానకు రేకులు లేచిపోయాయి.

రేంజరుగారు కర్నూలు నుంచి వచ్చి, అనుమతి లేకుండా ఆఫీసు విడిచి పోవడానికి కారణం ఏమిటో రాతపూర్వకంగా తెలపమని మెమో ఇచ్చాడు. మీరా హుస్సేన్ మూడు కాగితాలు చించాడు. నాలుగోదాని మీద ‘భయము వలన’ అని రెండు మాటలు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కాగితం ఆయన సర్వీసు పుస్తకంలో ఉద్యోగం ముగిసేదాకా ఉంది.

అడవిలోకి ఆయన మళ్ళీ పోలేదు. భయం తగ్గకపోగా పెరిగింది. కొండల మీద మబ్బు కమ్మితే తలుపులు మూయించేవాడు. అయితే ఆ ఏటినుంచి డైరీల మీద ఉత్త ముద్ర వేసి వదలడం మానేశాడు. నెలనెలా చౌకీలకు కొత్త పుస్తకం పోయేటప్పుడు అట్ట లోపల పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసేవాడు. ఊళ్ళో వాన పడిందనీ, ఫలానావాళ్ళకు ఆవు ఈనిందనీ, నీ దస్తూరి బాగుపడిందనీ. గార్డులు దానికోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. ఒకడు టెంటు సినిమాకు ఏ బొమ్మ వచ్చిందో రాయమని అడిగితే, మీరా హుస్సేన్ సంతకు పోయి గోడమీది కాగితం నిలబడి చదివి వచ్చాడు.

నెలాఖరున ఏ చౌకీ నుంచైనా పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైతే ఆయనకు ముద్ద దిగేది కాదు. వాకిట్లో పుస్తకం తెచ్చినవాడి చెప్పుల చప్పుడయ్యేదాకా నన్నీ బీ అన్నం గిన్నె మీద మూత పెట్టి ఆయనతోపాటే కూర్చునేది.